సున్నం చల్లితే కోళ్ళ షెడ్డులో వాసన ఎందుకు పెరుగుతుంది?

షాద్‌నగర్ దగ్గర నాలుగు వేల బ్రాయిలర్లు పెంచుతున్న పాఠకుడు ఒకరు అడిగారు: "ఊక తడిసి ఘాటు వాసన వచ్చినప్పుడల్లా సున్నం చల్లుతున్నాం. చల్లిన రోజు కళ్ళు ఇంకా ఎక్కువ మండుతున్నాయి. సున్నంలో ఏమైనా కల్తీ ఉందంటారా?"

కల్తీ లేదండీ. సున్నం మంచిది కాబట్టే మండుతోంది.

ఇంటర్ కెమిస్ట్రీలో అమ్మోనియా తయారీ అని ఒక ప్రశ్న ఉంటుంది. అమ్మోనియం క్లోరైడును పొడి సున్నంతో కలిపి వేడి చేస్తే అమ్మోనియా వాయువు వస్తుంది. బొమ్మ గీసి, సమీకరణం రాసి మార్కులు తెచ్చుకుంటాం, పరీక్ష అయిన సాయంత్రమే మర్చిపోతాం. మీ షెడ్డులో సరిగ్గా ఆ ప్రయోగమే జరుగుతోంది. అమ్మోనియం లవణాలు లిట్టర్‌లో, అంటే రెట్ట కలిసిన ఊక పరుపులో ఉన్నాయి, సున్నం మీరు చల్లారు, వేడి కోళ్ళ ఒంట్లోంచి వస్తోంది. ఈ పాఠం చెప్పే లెక్చరర్లు పిల్లల్ని ఒక్కసారి కోళ్ళ షెడ్డుకు తీసుకెళ్తే బాగుండును. బోర్డు మీద రెండు వైపులా బాణాలు గీసి సమతాస్థితి అంటే ఏమిటో చెప్పే శ్రమ తప్పుతుంది.

అసలు లిట్టర్‌లోకి అమ్మోనియం ఎలా వచ్చింది? కోడి మనలా మూత్రం పోయదు. ఒంట్లో పనికిరాని నత్రజనిని యూరిక్ ఆమ్లంగా మార్చి, రెట్టతోపాటే వదిలేస్తుంది. రెట్ట మీద కనిపించే తెల్లటి ముద్ద అదే. లీటరు నీళ్ళలో 60 మిల్లీగ్రాములు కరగడమే దానికి గగనం. ఈ కరగని గుణం గుడ్డులో పెరిగే పిల్లకు ప్రాణాధారం. 21 రోజులు పెంకు లోపలే ఉండే పిల్ల తన వ్యర్థాన్ని బయట పారేయలేదు. అది కరిగి ఒంటికి పట్టకుండా, గట్టి పలుకుల్లా ఒక పక్కన పడి ఉంటుంది.

రెట్టలో యూరిక్ ఆమ్లంగా ఉన్నంతసేపు వాసన ఉండదు. ఊకలోని సూక్ష్మజీవులు దాన్ని పట్టుకున్నాకే కథ మొదలవుతుంది. యూరికేజ్ అనే ఎంజైము దాన్ని అలంటోయిన్‌గా మారుస్తుంది. (ఈ ఎంజైము మనుషుల్లో పనిచేయదు. అందుకే మనకు గౌట్, అంటే యూరిక్ ఆమ్లం పేరుకుని కీళ్ళు వాచే జబ్బు వస్తుంది. కోళ్ళలోనూ పనిచేయదు, వాటికీ గౌట్ వస్తుంది.) అలంటోయిన్ నుంచి అలంటోయిక్ ఆమ్లం, దాన్నుంచి రెండు యూరియా అణువులు, చివర్లో యూరియేజ్ ఆ రెంటినీ విరగ్గొడితే నాలుగు అమ్మోనియాలు. ఒక్క యూరిక్ ఆమ్లం అణువుకు నాలుగన్నమాట. ఈ గొలుసులో ప్రతి మెట్టుకూ నీళ్ళు కావాలి. తేమ లేకపోతే సూక్ష్మజీవి కదలదు, ఎంజైము పనిచేయదు.

ఇప్పుడు నాకిష్టమైన చోటుకొచ్చాం. పుట్టిన అమ్మోనియా అంతా గాల్లోకి పోదు. తడిలో ఒక ప్రోటాన్‌ను పట్టుకుంటే అది అమ్మోనియం. దానికి విద్యుదావేశం ఉంటుంది కాబట్టి ఎగరలేదు, వాసన రాదు, లిట్టర్‌లోనే ఉండిపోతుంది. ప్రోటాన్ వదిలేస్తే అమ్మోనియా వాయువు. ఎంత భాగం ఏ రూపంలో ఉంటుందో పీహెచ్, అంటే ఆమ్ల క్షార గుణాల కొలత తేలుస్తుంది (7 కన్నా పెరిగేకొద్దీ క్షారం ఎక్కువ). 25 డిగ్రీల దగ్గర లెక్క చూడండి. పీహెచ్ 7 ఉంటే నూటికి అర శాతమే వాయు రూపంలో ఉంటుంది. 8కి చేరితే 5 శాతం. 9కి చేరితే ఏకంగా 36 శాతం. వేడి పెరిగినా ఇంతే. పీహెచ్ 8 దగ్గరే ఉన్నా, 25 డిగ్రీల నుంచి 35కి వెళ్తే 5 శాతం కాస్తా 10 అవుతుంది. పిల్లలకు వెచ్చదనమిచ్చే బ్రూడర్ కింద మొదటి వారం మనం ఉంచేది 32 నుంచి 35 డిగ్రీలు. అంటే వాసన బాగా పుట్టే వేడిలోనే అన్నిటికన్నా చిన్న పిల్లల్ని పెడుతున్నాం.

తేట సున్నపు నీటి పీహెచ్ 12 దాటుతుంది. అంత గాఢత లిట్టర్ అంతటికీ పడితే సూక్ష్మజీవులు చస్తాయి నిజమే. కానీ రెండు బస్తాలు పైపైన చల్లితే పడదు. 8 దగ్గర ఉన్నది 9 అవుతుంది, అంతే. సూక్ష్మజీవులు బతికే ఉంటాయి, అప్పటిదాకా ఊకలో బందీగా ఉన్న అమ్మోనియం మాత్రం ఒక్కసారిగా లేచిపోతుంది. రెండు మూడు రోజుల తర్వాత వాసన కాస్త తగ్గినట్టుంటుంది. ఎగరాల్సింది ఎగిరిపోయింది మరి. పోయింది మీ ఎరువులోని నత్రజని, కోళ్ళ ఊపిరితిత్తుల మీదుగా.

"తడి పీల్చడానికండీ" అంటారు చాలామంది. పొడి సున్నం ముందే నీళ్ళు తాగిన సున్నం, ఇంకేం పీలుస్తుంది? కాల్చిన రాయి సున్నమైతే పీలుస్తుంది. 56 గ్రాములకు 18 గ్రాముల నీళ్ళు, అంటే 50 కిలోల బస్తాకు 16 లీటర్లు. ఇక షెడ్డులోకి వచ్చే నీళ్ళ సంగతి చూద్దాం. రెండు కిలోల బ్రాయిలర్ అప్పటికి మూడు కిలోలకు పైగా మేత తిని, ఆరు లీటర్ల దాకా నీళ్ళు తాగి ఉంటుంది. వేసవిలో ఇంకా ఎక్కువే. నాలుగు వేల కోళ్ళకు 24,000 లీటర్లు. కొంత ఒంట్లో ఉంటుంది, కొంత ఊపిరితో పోతుంది, మిగతాదంతా ఊకలోకే. దాని ముందు 16 లీటర్లు ఏ మూలకు?

ఆ నీళ్ళను బయటికి మోసుకెళ్ళేది గాలి ఒక్కటే. 20 డిగ్రీల గాలి ఘనపు మీటరుకు 17 గ్రాముల ఆవిరిని మోయగలదు. అదే గాలి షెడ్డులో 30 డిగ్రీలకు వేడెక్కితే 30 గ్రాములు. బయటి గాలి నిండా తేమతో ఉన్నా సరే, లోపలికొచ్చి వేడెక్కి బయటికి పోయే ప్రతి ఘనపు మీటరూ 13 గ్రాములు పట్టుకుపోతుంది. 100 లీటర్లు పోవాలంటే దాదాపు 7,700 ఘనపు మీటర్ల గాలి మారాలి. మీ షెడ్డు సుమారు 1,200 ఘనపు మీటర్లు ఉంటుందనుకుంటే, ఆరుసార్లకు పైగా పూర్తిగా మారాలి. చలికాలం పిల్లలకు చలి అని పరదాలు పూర్తిగా దించేస్తే ఇదంతా ఆగిపోతుంది. పరదాను కింద మూసి, పైన జానెడు తెరవాలి. చల్లగాలి పిల్లల మీద పడదు, ఆవిరి పైనుంచి పోతుంది.

ఇంతకీ సున్నానికి బదులు ఏం వాడాలి? పటిక, అంటే ఇక్కడ అల్యూమినియం సల్ఫేట్. అమెరికాలో ఆర్కన్సాస్ రాష్ట్రంలో ఫిలిప్ మూర్ బృందం 1990లలో దీన్ని గట్టిగా పరీక్షించింది. అల్యూమినియం సల్ఫేట్ ఒక అణువు నీళ్ళలో ఆరు ప్రోటాన్లు ఇస్తుంది. ఆరు అమ్మోనియాలు అమ్మోనియంగా మారి, సల్ఫేట్‌తో జతకట్టి కిందే ఉండిపోతాయి. అమ్మోనియం సల్ఫేట్ అంటే మీరు బస్తాల్లో కొనే ఎరువే. ఫాస్ఫరస్ కూడా అల్యూమినియానికి అతుక్కుని, వానకు కొట్టుకుపోవడం తగ్గుతుంది. మన షెడ్ల గుమ్మానికి దిష్టి తగలకుండా పటిక ముక్క వేలాడదీస్తారు. ఎవరి నమ్మకం వారిది గానీ, పటికకు గాల్లో చేసే పనేమీ లేదు, ఊకలో చాలా ఉంది. పొడి చేసి, పిల్లలు రాకముందే చల్లి కలిపేయాలి. పిల్లలుండగా ఆ దుమ్ము లేపకూడదు. సున్నాన్ని మానేయనక్కర్లేదు, బ్యాచ్ వెళ్ళాక ఊకంతా తీసేసిన ఖాళీ నేలకు, గోడలకు వాడండి. అక్కడ దానికి తిరుగులేదు.

ఏ పరుపు మంచిదన్న చర్చ నాకంత రుచించదు. మన దగ్గర దొరికేవి ఊక, పల్లీ పొట్టు, రంపపు పొట్టు, కొబ్బరి పీచు పొట్టు. ఊకలో సిలికా ఎక్కువ, నీళ్ళు తక్కువ పీలుస్తుంది, కానీ పలుకుల మధ్య ఖాళీలుండి త్వరగా ఆరుతుంది. రంపపు పొట్టు బాగా పీలుస్తుంది, సన్నగా ఉంటే పిల్లలు మేతనుకుని తింటాయి. పల్లీ పొట్టు బూజు పట్టిందేమో చూసుకోవాలి. ఆస్పర్‌జిల్లస్ బూజు పిల్లల ఊపిరితిత్తుల్లో చేరితే వచ్చేదే బ్రూడర్ న్యుమోనియా. బ్రూడర్‌లో రెండంగుళాల ఊక పోసి, పిల్లలు దాన్ని తినకుండా మొదటి రెండు రోజులు పైన కాగితం వేస్తారు. నున్నటి కాగితమైతే కాళ్ళు జారి పక్కలకు విడిపోతాయి, పిల్ల మళ్ళీ సరిగ్గా నిలబడదు.

పెరటి కోళ్ళకు, రాజేంద్రనగర్‌లో రూపొందించిన వనరాజా, గ్రామప్రియ లాంటివాటికి, పాత ఊక తీయకుండా పైన కొత్తది పోస్తూ పోవచ్చు. రోగం రాని గూడైతేనే సుమా. శుభ్రం చేసినా గుప్పెడు పాతది మిగల్చండి, పాలకు తోడు వేసినట్టు. 1940లలో ఒహాయో వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో కెన్నార్డ్, చాంబర్లిన్ ఇలాంటి పాత లిట్టర్ మీద పెరిగిన కోళ్ళు, మాంసం పొడి లేని మేతతోనూ బాగా పెరగడం చూశారు. ఊకలోని బ్యాక్టీరియా తయారుచేసిన బీ12 విటమిన్‌ను అవి గీరుకుని తింటున్నాయి. ఆ విటమిన్‌ను విడిగా తీసింది 1948లో. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలు నడిపించిన లెడర్లీ మందుల కంపెనీలోనే జూక్స్, స్టోక్‌స్టాడ్ ఇదే వేటలో ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు పెట్టారు. అవి లెక్కకు మించి పెరిగాయి. మేతలో యాంటీబయాటిక్స్ కలిపే అలవాటుకు మూలం అదే, దాని మంచిచెడులు ఇంకోసారి.

బయట తిరిగే దొడ్డిలో మట్టి బురదైతే గడ్డి పరవకండి, వానకు కుళ్ళి బూజు పడుతుంది. నీళ్ళు పోయే వాలు చేసి ఇసుక పోయండి.

షాద్‌నగర్ మిత్రులకు ఈ వారం పని ఇదీ. పిల్లల ఎత్తుకు వంగి వాసన చూడండి. నిలబడితే తెలియదు, పైగా అరగంట లోపలుంటే మన ముక్కు అలవాటు పడిపోతుంది. అమ్మోనియా 25 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో 25 భాగాలు) దాటితే కోడి శ్వాసనాళంలోని సన్నటి నూగు దెబ్బతిని, రాణిఖేత్ లాంటి రోగాలకు దారి సుగమమవుతుంది. గుప్పెడు ఊక పిండి చూడండి. ముద్దగా నిలిస్తే తడి ఎక్కువ, నెమ్మదిగా విడిపోతే సరిపోయింది, అసలు అంటుకోకపోతే మరీ పొడి, దుమ్ము లేస్తుంది. నీళ్ళ పైపుల కింద అట్టకట్టిన ఊకను పార పెట్టి తీసి బయట పడేయండి, తిరగేసి మళ్ళీ అక్కడే కప్పకండి. రక్తపు పారుడు తెచ్చే కాక్సీడియా గుడ్లు ఆ తడిలోనే ఒకటి రెండు రోజుల్లో సిద్ధమవుతాయి. నిపుల్స్‌ను, అంటే కోళ్ళు ముక్కుతో నొక్కి నీళ్ళు తాగే మొనలను, కోడి మెడ చాచి అందుకునే ఎత్తుకు పెంచండి. పైపుల కింద ఊక అట్టకట్టేది రెట్టతో కన్నా కారే నిపుల్‌తోనే.