వరిగడ్డి ఇథనాల్ వెనుక ఒక బూజు చరిత్ర

వరిగడ్డి నుంచి ఇథనాల్ తీయొచ్చని తెలిసి దశాబ్దాలు దాటింది. అయినా ఆ గడ్డి ఇంకా పొలాల్లో కాలుతూనే ఉంది. గడ్డి పోగుచేయడం, తరలించడం ఖర్చుతో కూడిన పనులన్నది అందరూ చెప్పేదే. అంతగా చర్చకు రానిది ఎంజైమ్ ధర. చక్కెరను ఇథనాల్‌గా మార్చే ఈస్ట్‌కు గడ్డిలోని సెల్యులోజ్ అనే పీచును తినడం చేతకాదు. ముందు దాన్ని చక్కెరగా విడగొట్టాలి. ఆ పని చేసే ఎంజైమ్‌ల గుంపు పేరు సెల్యులేజ్. పరిశ్రమలు సెల్యులేజ్ కోసం ఎక్కువగా ఆధారపడేది ట్రైకోడెర్మా రీసీ అనే బూజు మీద.

ఆ బూజు రెండో ప్రపంచ యుద్ధంలో శత్రువుగా దొరికింది. దక్షిణ పసిఫిక్ దీవుల వానకూ ఉక్కకూ అమెరికా సైన్యం డేరాలు, నూలు బట్టలు కుళ్లిపోయేవి. కారణం తేల్చే పని సైన్యానికి సరుకులు సమకూర్చే క్వార్టర్‌మాస్టర్ విభాగం శాస్త్రవేత్తల మీద పడింది. పాడైన సరుకు నుంచి వేల రకాల బూజులను వేరుచేసి వాళ్లు భద్రపరిచారు. సాలమన్ దీవుల వరుసలోని బూగన్‌విల్ నుంచి వచ్చిన కాన్వాస్ మీద దొరికిన రకానికి క్యూఎం6ఎ అని పేరు పెట్టారు. ఇవాళ పరిశ్రమలో వాడే రీసీ రకాలన్నీ దాని సంతానమే.

అమెరికా సైన్యం శాస్త్రవేత్తలు ఎల్విన్ రీస్, మేరీ మాండెల్స్ దశాబ్దాలపాటు దీన్ని పట్టుకుని కూర్చున్నారు. మొదట్లో లక్ష్యం బట్టను కాపాడటం. బూజు సెల్యులోజ్‌ను ఎలా తింటుందో అర్థమయ్యేకొద్దీ, ఆ శక్తిని మనమే ఎందుకు వాడుకోకూడదన్న ఆలోచన బలపడింది. తక్షణ లాభం కనిపించని రోజుల్లో ఆ బూజుల భండారాన్ని పారేయకుండా నిలబెట్టినందుకే ఈ చరిత్ర సాధ్యమైందని నేను గట్టిగా నమ్ముతాను.

చాలాకాలం దీన్ని ట్రైకోడెర్మా విరిడి అనే అనుకున్నారు. వేరే జాతి అని తేలాక 1977లో రీస్ గౌరవార్థం కొత్త పేరు పెట్టారు. విరిడి మన రైతులకు బాగా తెలిసిన పేరే. ఎండు తెగులు, వేరుకుళ్లు రాకుండా పశువుల ఎరువులో, వేపపిండిలో కలిపి చల్లే పొడి అదే. రీసీ దానికి దగ్గరి చుట్టం, కానీ పొలంలో చల్లేది కాదు.

1973 చమురు సంక్షోభంతో సెల్యులేజ్ పరిశోధనకు ఊపు వచ్చింది. అప్పుడు ఎదురైన పెద్ద అడ్డంకి బూజు స్వభావమే. చుట్టూ గ్లూకోజ్ దొరుకుతుంటే అది సెల్యులేజ్ తయారీ ఆపేస్తుంది. తేలిగ్గా తిండి దొరికినప్పుడు కష్టపడటం ఎందుకు? రేడియేషన్‌తో, రసాయనాలతో జన్యువులను మార్చి, వేల కాలనీల్లోంచి మంచివి ఏరుకుంటూ పోయారు. నేటిక్ సైనిక ప్రయోగశాలలో క్యూఎం9414, రట్గర్స్ విశ్వవిద్యాలయంలో రట్-సి30 అలా వచ్చాయి. గ్లూకోజ్ ఉన్నా రట్-సి30 తయారీ ఆపదు. తయారీని ఆపే జన్యువు అందులో తెగిపోయి ఉందని 1990ల్లో తెలిసింది. తర్వాతి పారిశ్రామిక రకాలు లీటరు ద్రవంలోకి 100 గ్రాముల దాకా ప్రొటీన్ వదిలే స్థాయికి చేరాయి.

ఎవరి ఎంజైమ్ బలమెంతో పోల్చడానికి ఒకే కొలత కావాలి. దాన్ని స్థిరపరచినవారిలో ఐఐటీ ఢిల్లీకి చెందిన టి.కె. ఘోష్ ముఖ్యులు. అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంస్థ ఐయూపాక్ తరఫున 1987లో ఆయన ప్రచురించిన పద్ధతిలో, 50 మిల్లీగ్రాముల ఫిల్టర్ పేపర్ ముక్కను 50 డిగ్రీల వద్ద గంటసేపు ఎంజైమ్‌లో ఉంచి వచ్చిన చక్కెరను కొలుస్తారు. ప్రపంచమంతా ఇప్పటికీ వాడుతున్న ఈ కొలత వెనుక మన దేశపు ల్యాబ్ ఉందని విద్యార్థులకైనా తెలియాలి.

తయారీలో అసలు ఖర్చంతా ఫెర్మెంటర్ దగ్గర మొదలవుతుంది. పెద్ద స్టీల్ ట్యాంకును, అందులోని పోషక ద్రవాన్ని ఆవిరితో స్టెరిలైజ్ చేయాలి. పరాయి సూక్ష్మజీవి దూరితే బ్యాచ్ మొత్తం పోవచ్చు. తర్వాత 28 డిగ్రీల దగ్గర, కొద్దిగా ఆమ్లగుణం ఉన్న ద్రవంలో బూజును పెంచుతూ, లాక్టోజ్ వంటి మేతను కొద్దికొద్దిగా అందిస్తారు. పోగులు అల్లుకునేకొద్దీ ద్రవం గంజిలా చిక్కబడి ఆక్సిజన్ అందడం కష్టమవుతుంది. రోజుల తరబడి గాలి పంపాలి, కలపాలి, పుట్టే వేడిని తీసేయాలి. ఇదంతా కరెంటు ఖర్చే.

ఒక మేలు ఏమిటంటే, రీసీ ఎంజైమ్‌ను కణంలో దాచుకోదు, బయటి ద్రవంలోకి వదిలేస్తుంది. కణాలను పగలగొట్టే పని తప్పింది. పోగులను వడకట్టి, మిగిలిన ద్రవాన్ని అల్ట్రాఫిల్ట్రేషన్ పొరల గుండా పంపితే నీరు, చిన్న అణువులు పోయి ఎంజైమ్ చిక్కబడుతుంది. చెడిపోకుండా గ్లిసరాల్ లాంటివి కలుపుతారు. ల్యాబ్‌లో ఒక్కో ఎంజైమ్‌ను విడిగా చూడాలంటే అమ్మోనియం సల్ఫేట్‌తో అవక్షేపం చేసి, కాలమ్‌లనే వడపోత గొట్టాల గుండా పంపి వేరుచేస్తారు. ఇంధనానికి అంత శుద్ధి అనవసరం. పైగా శుద్ధిలో ప్రతి మెట్టు దగ్గరా కొంత ఎంజైమ్ పోతుంది, ధర పెరుగుతుంది.

ఇంధనం కంటే ముందే సెల్యులేజ్‌కు మార్కెట్ ఇచ్చింది జీన్స్. 1980ల చివరి నుంచి ప్యూమిస్ రాళ్లతో ఉతికే పద్ధతి స్థానంలోకి ఎంజైమ్ రావడంతో మెషిన్ల అరుగుదల తగ్గింది. బట్టకు కొద్దిపాటి ఎంజైమ్ చాలు కాబట్టి ధర పెద్ద సమస్య కాలేదు. గడ్డికి అలా కాదు, టన్నుల కొద్దీ గడ్డికి కిలోల కొద్దీ ఎంజైమ్ పోయాలి.

అందుకే 2000 తర్వాత అమెరికా ఇంధన శాఖ డబ్బుతో జెనెన్‌కోర్, నోవోజైమ్స్ అనే ఎంజైమ్ కంపెనీలు ధర తగ్గించే పని చేపట్టాయి. సెల్యులోజ్ విడిపోయేటప్పుడు మధ్యలో వచ్చే సెల్లోబయోస్ అనే జంట చక్కెరను గ్లూకోజ్‌గా విడగొట్టే ఎంజైమ్ బీటా-గ్లూకోసిడేస్. రీసీలో అది తక్కువ. అది లేక సెల్లోబయోస్ పేరుకుపోయి మిగతా ఎంజైమ్‌లను నెమ్మదింపజేస్తుంది. ఇతర బూజుల నుంచి ఆ లోటు పూడ్చారు. 2008లో రీసీ జన్యుపటం వచ్చాక, ఇంత ఘనమైన బూజులో సెల్యులేజ్ జన్యువులు సాటి బూజుల కంటే తక్కువేనని తేలడం ఆశ్చర్యపరిచింది. దాని బలం జన్యువుల సంఖ్యలో లేదు, ఉన్నవాటిని పెద్దమొత్తంలో తయారుచేసి బయటికి పంపడంలో ఉంది.

మన దేశంలో గడ్డి లాంటి వ్యర్థాల నుంచి ఇథనాల్ తీసే ప్లాంట్లకు సాయం చేసే ప్రధానమంత్రి జీ-వన్ యోజన 2019లో వచ్చింది. 2022 ఆగస్టులో హరియాణాలోని పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ ప్లాంటు ప్రారంభమైంది. ఏటా సుమారు 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి 3 కోట్ల లీటర్ల ఇథనాల్ దాని లక్ష్యం. ఇలాంటి ప్లాంట్ల పక్కనే ఎంజైమ్ తయారుచేస్తే చిక్కబరచడం, నిల్వ, రవాణా ఖర్చులు చాలావరకు తగ్గుతాయి. ఫెర్మెంటర్ నుంచి వచ్చిన ద్రవాన్ని బూజు పోగులతో సహా నేరుగా గడ్డి ట్యాంకులోకి పంపొచ్చు. గడ్డి సబ్సిడీ గురించి జరిగినంత చర్చ దీని మీద జరగడం లేదు. వరి ఎక్కువగా పండే తెలుగు రాష్ట్రాల్లో ఈ ప్లాంట్ల మాట వచ్చినప్పుడు, గడ్డి ఎక్కడి నుంచి అని అడిగినట్టే ఎంజైమ్ ఎక్కడి నుంచి అని కూడా అడగాలి.