కెర్నల్ నంబర్ పాతదైతే సర్వర్‌కు ముప్పేనా? అపోహలు - వాస్తవాలు

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల చిన్న కంపెనీల లినక్స్ సర్వర్లు చూసుకోవడం నా పని. కెర్నల్ అంటే లినక్స్‌కు గుండెకాయ, హార్డ్‌వేర్‌నూ ప్రోగ్రాములనూ కలిపే భాగం. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఈ రకమే: "అన్నా, ఆడిట్ వాళ్లు రిపోర్ట్ పంపినారు. మన కెర్నల్ 4.18 అంట, 2018 నాటిదంట, అంతా ఎర్రగా చూపిస్తా ఉంది. ఏం చేసేది?" అడిగేవాళ్ల టెన్షన్ నాకు అర్థమవుతుంది. ఉద్యోగం వాళ్లది, సంతకం వాళ్లది. కోపం వచ్చేది "వెంటనే లేటెస్ట్ కెర్నల్ ఎక్కించెయ్" అని వాట్సాప్‌లో సలహా పడేసి వెళ్లిపోయేవాళ్ల మీద.

అపోహ: కెర్నల్ నంబర్ పాతదైతే సెక్యూరిటీ లేనట్టే, లేటెస్ట్‌కు మారాల్సిందే.

వాస్తవం: లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ 4.18ని 2018 ఆగస్టులో విడుదల చేసిన మాట నిజం. కెర్నల్ కమ్యూనిటీ కొన్ని నెలలకే దాన్ని వదిలేసి ముందుకు వెళ్లిపోయింది, అదీ నిజమే. కానీ మీ సర్వర్‌లో ఉన్నది ఆ 4.18 కాదు. కంపెనీలు వాడే రెడ్‌హ్యాట్ లినక్స్ 8, దాని బాటలో నడిచే ఆల్మా 8, రాకీ 8, అన్నీ 4.18 పునాది మీద కట్టినవి. కొత్త కెర్నల్స్‌లో వచ్చే సెక్యూరిటీ ఫిక్స్‌లను వాళ్ల ఇంజినీర్లు ఈ పాత కోడ్‌కు సరిపడేలా తిరగరాసి ఇందులో కలుపుతారు. బ్యాక్‌పోర్ట్ అంటే ఇదే. ముందున్న 4.18 అలాగే ఉంటుంది, హైఫన్ తర్వాతి తోక నంబర్ పెరుగుతూ పోతుంది. ఆడిట్ వాళ్ల స్కానర్ సాఫ్ట్‌వేర్ ఆ ముందు నంబర్ ఒక్కటే చదివితే ఎర్ర రంగే చూపిస్తుంది.

రిపోర్ట్‌లో ఉన్న సీవీఈ నంబర్ (ఒక్కో సెక్యూరిటీ లోపానికి ఇచ్చే గుర్తింపు నంబర్) పట్టుకుని కెర్నల్ ప్యాకేజీ చేంజ్‌లాగ్‌లో, అంటే మార్పుల జాబితాలో, వెతకండి. దొరికితే ఆ వరుస కాపీ చేసి ఆడిటర్‌కు పంపండి. నేను ఎన్నోసార్లు ఇలా పంపాను, ఒప్పుకున్నారు. దొరక్కపోతే అప్‌డేట్ చేయండి, కానీ మీ డిస్ట్రో (రెడ్‌హ్యాట్, ఆల్మా, రాకీ, మీరు వాడే లినక్స్ ఏదైతే అది) ఇచ్చే అప్‌డేట్‌నే.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2023 జూన్‌లో జరిగింది ఇంకా కళ్ల ముందే ఉంది. చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. తోతాపురి సీజన్, గేటు బయట ట్రాక్టర్ల క్యూ. కాటా దగ్గరి ఇండికేటర్ నుంచి బరువు చదివేది ఒక లినక్స్ సర్వర్. ఇండికేటర్లు కలపడానికి అందులో ఎక్కువ సీరియల్ పోర్టులున్న కార్డు ఉంది. ఆ కార్డును నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్, కెర్నల్‌తో వచ్చేది కాదు, తయారీదారు విడిగా ఇచ్చింది. అక్కడి కుర్రాడు ఆడిట్ రిపోర్ట్ చూసి భయపడి, రాత్రి బయటి రిపోజిటరీ నుంచి 6.3 ఎక్కించాడు. బూట్ పార్టిషన్‌లో చోటు చాలక పాత కెర్నల్స్ అన్నీ తీసేశాడు. తెల్లారేసరికి కొత్త కెర్నల్‌కు డ్రైవర్ కంపైల్ కాలేదు, కాటా బరువు చదవడం లేదు.

ఫోన్‌లో చెబుదామంటే పిల్లవాడి చేతులు ఆడటం లేదు. చంద్రగిరి దాటి, పూతలపట్టు మీదుగా నేనే వెళ్లాను. క్యూలో ఒక పెద్దాయన నన్ను ఆపి, "కాయ మెత్తబడిపోతా ఉంది నాయనా, ఎప్పుడవుతుంది?" అని అడిగాడు. ఏం చెప్పను? డిస్ట్రో కెర్నల్ తిరిగి పెట్టి, డ్రైవర్ మళ్లీ కంపైల్ చేసి, రీబూట్ చేయడానికి పట్టింది అరగంట. అప్పటికి మధ్యాహ్నమైంది.

డ్రైవర్ ఎందుకు ఆగిపోయిందో తెలుసుకోవాలి. మనం వాడే ప్రోగ్రాములు కెర్నల్ మారినా పనిచేయాలన్నది లినస్ పట్టుపట్టే నియమం. కానీ కెర్నల్ లోపల డ్రైవర్లు పిలిచే ఫంక్షన్లకు అలాంటి హామీ లేదు. అవి ఎప్పుడైనా మారతాయి. కెర్నల్ సోర్స్‌లోనే ఉన్న డ్రైవర్లయితే, ఫంక్షన్ మార్చినవాళ్లే వాటినీ సరిచేస్తారు. బయట ఉన్నదాన్ని ఎవరూ పట్టించుకోరు. రెడ్‌హ్యాట్ తరహా కెర్నల్స్ ఆ లోపలి ఫంక్షన్లలో ముఖ్యమైన కొన్నింటిని మార్చకుండా కాపాడతాయి. బయటి డ్రైవర్ ఏళ్ల తరబడి నిలబడేది అందువల్లే.

ఇంకో సంగతి. ఆ కుర్రాడు ఎక్కించిన 6.3 బ్రాంచ్‌కు ఆ ఏడాది జూలైలోనే సపోర్ట్ ఆగిపోయింది. తీసేసిన 4.18కి రెడ్‌హ్యాట్ 8 లెక్కన 2029 మే దాకా ఉంది.

అపోహ: స్టేబుల్ బ్రాంచ్‌లో చివరి అంకె మారితే పెద్ద తేడా ఏముంటుంది?

వాస్తవం: స్టేబుల్ బ్రాంచ్ అంటే విడుదలైన కెర్నల్‌కు ఫిక్స్‌లు చేర్చుకుంటూ పోయే వరుస. తేడా అంతా ఆ చివరి అంకెలోనే. 2022 మార్చిలో బయటపడ్డ డర్టీ పైప్ అనే సెక్యూరిటీ లోపం 5.8తో వచ్చింది. 5.10.102, 5.15.25, 5.16.11లో సరిచేశారు. అంటే 5.10.101 వాడేవాళ్లకు ప్రమాదం, 102కు వెళ్తే లేదు. 5.4 బ్రాంచ్‌లో ఆ లోపమే లేదు. కొత్తదాన్ని చూసి ధైర్యం, పాతదాన్ని చూసి భయం, రెండూ వద్దు. స్టేబుల్‌లోకి ఫిక్స్ రావాలంటే అది ముందు మెయిన్‌లైన్‌లో, అంటే లినస్ నడిపే అసలు కోడ్‌లో, చేరి ఉండాలి. లేకపోతే తర్వాతి వెర్షన్‌లో అదే లోపం తిరిగి వస్తుంది. స్టేబుల్‌ను నడిపే గ్రెగ్ క్రో-హార్ట్‌మన్, సాషా లెవిన్ ఈ నియమం దగ్గర గట్టిగా ఉంటారు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

వెర్షన్‌లో రెండో అంకె బేసి అయితే టెస్టింగ్, సరి అయితే స్టేబుల్ అని కాలేజీల నుంచి వచ్చే పిల్లలు ఇప్పటికీ చెబుతున్నారు. అది 2.5తో అయిపోయింది. 2.6 వచ్చాక, 2004లో, 2.7 తెరవకూడదని నిర్ణయించారు. ఇప్పుడు అన్ని విడుదలలదీ ఒకే దారి: రెండు వారాల మెర్జ్ విండో (కొత్త కోడ్ తీసుకునే గడువు), ఆర్‌సీ1 (విడుదలకు ముందు పరీక్షకు ఇచ్చే మొదటి వెర్షన్), వారానికో ఆర్‌సీ, ఏడో ఎనిమిదో అయ్యాక విడుదల. మొత్తం తొమ్మిది, పది వారాలు.

3.0, 4.0, 5.0, 6.0 రాగానే ఏదో మహా మార్పు జరిగిందని అనుకోవద్దు. చుక్క తర్వాతి అంకె బాగా పెరిగిపోయిందని లినస్ ముందు అంకె మార్చారు, అంతే.

"నడుస్తున్నదాన్ని కదపకు" అని మూడేళ్లుగా అప్‌డేట్ ఆపేసినవాళ్లున్నారు. వాళ్లకు ఆడిట్ రిపోర్ట్ చెప్పేది నిజమే. బ్యాక్‌పోర్ట్ మీ డిస్క్‌లోకి దానంతటదే రాదు. వచ్చినా రీబూట్ చేసేదాకా నడిచేది పాత కెర్నలే.

ఆ ఫ్యాక్టరీలో ఇప్పుడు ఏటా మే మొదటి వారంలో, కాయ రాకముందే, అప్‌డేట్ చేసి రీబూట్ చేస్తాం. ఒక లోడు ట్రాక్టర్‌ను కాటా ఎక్కించి బరువు చూస్తాం. ముందటి రెండు కెర్నల్స్ గ్రబ్ మెనూలో (బూట్ అయ్యేటప్పుడు కెర్నల్ ఎంచుకునే చోట) అలాగే ఉంచుతాం. ఆ పని ఇప్పుడు ఆ కుర్రాడే చేస్తున్నాడు.