చిన్నోడికి పల్లీలు పడవు

నల్లకుంట,
సద్దుల బతుకమ్మ మర్నాడు

బుజ్జీ, పై ఫ్లోర్ పిల్లలూ,

నిన్న రాత్రి బతుకమ్మను సాగనంపాక అందరూ సత్తుపిండి పంచుకుంటుంటే, చిన్నోడి చేతిలో ఎవరో పెట్టిన పల్లీల ముద్దను అమ్మ గభాలున లాక్కుంది. "ఇంత పిసరు తింటే ఏమవుతుంది తాతా?" అని బుజ్జి అడిగింది. నోటితో చెబితే ఎక్కడికో వెళ్లిపోతాను. అందుకే రాస్తున్నాను.

చిక్కంతా 'పడదు' అనే మాటతోనే. నాకు పాలు పడవు, తాగితే కడుపులో గడబిడ. మీ నానమ్మకు శనగపప్పు పడదు. కింది పోర్షన్‌లో అత్తాకోడళ్లకు పడదు. అన్నిటికీ ఒకటే మాట! అందుకే ఇరుగుపొరుగు "కొంచెం పెట్టండి, అదే అలవాటవుతుంది" అంటారు. చిన్నోడిది ఎలర్జీ. 1906లో వియన్నాలో వాన్ పిర్కే అనే పిల్లల డాక్టర్ పుట్టించిన మాట అది. దాంతో కొంచెమే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు.

నా చిన్నప్పుడు మా గల్లీలో మోతీ అని ఒక కుక్క ఉండేది. దొంగల్ని తరిమే మంచి కుక్క. కిరసనాయిల్ బండాయన మొదటిసారి వచ్చినప్పుడు వాసన చూసి ఊరుకుంది. ఏమనుకుందో ఏమో, రెండోసారి ఆయన మలుపు తిరగకముందే మొరుగుడు అందుకుంది. అది విని గల్లీ కుక్కలన్నీ లేచాయి. ఒకరోజు మా నాయన స్టవ్‌లో కిరసనాయిల్ పోస్తూ చొక్కా మీద రెండు చుక్కలు ఒలకబోసుకున్నాడు. రోజూ దానికి అన్నం పెట్టే మనిషి! ఆయన మీదికే వచ్చింది. సైకిల్ పడింది, పక్కింటామె బిందె దొర్లింది, నేను గోడెక్కాను. నష్టం చేసింది ఆ రెండు చుక్కలా? కాదు, కుక్కల గోల.

చిన్నోడి ఒంట్లోనూ అలాంటి కావలి ఉంది. అందరికీ ఉంటుంది, రోగాల్ని తరిమేది అదే. వాడి కావలి పల్లీని దొంగ అనుకుంది. ఇక పిసరు కడుపులోకి పోయినా ఒళ్లంతా గోల లేవొచ్చు. దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు, ముదిరితే ఊపిరాడదు. మోతీని గొలుసుతో కట్టేశాం. దీన్ని కట్టలేం. ఇక్కడితో నా పోలిక పనికిరాదు.

నా తప్పూ ఒకటి చెప్పాలి. పోయిన నెల బయట పల్లీ చట్నీతో ఇడ్లీ తిని, శానిటైజర్ రాసుకుని, ఇంటికొచ్చి వాడి బుగ్గ గిల్లాను. కాసేపట్లో బుగ్గ మీద రెండు ఎర్రటి దద్దుర్లు, అచ్చం నా రెండు వేళ్లు పడ్డ చోటే. శానిటైజర్ క్రిముల్ని చంపుతుంది గానీ పల్లీ అంటును పోగొట్టదు. సబ్బుతో కడగాల్సిందే.

చిక్కీలో, పులిహోరలో పల్లీ కంటికి కనిపిస్తుంది. బగారా బైంగన్‌లో, మిర్చీ కా సాలన్‌లో నూరి కలిపేస్తారు, ఎలా తెలుస్తుంది? పండక్కి పై ఫ్లోర్ ఖాలా గిన్నె పంపితే అమ్మ మొహమాటం వదిలి అడిగేసింది. ఖాలా నొచ్చుకోలేదు. ఇప్పుడు వాడి కోసం ఉత్త బగారా అన్నం, సాలన్‌లో పెట్టని గరిటెతో వేరే తీసి పంపుతోంది.

ఆటల్లో వాడి పెదవులు ఉబ్బినా, గొంతు బొంగురుపోయినా, ఊపిరికి ఇబ్బంది పడినా ఒకరు వాడి దగ్గరే ఉండండి, ఇంకొకరు పెద్దవాళ్ల కోసం పరుగెత్తండి. ఫ్రిజ్ మీద పసుపు డబ్బాలో డాక్టర్ రాసిచ్చిన అడ్రినలిన్ ఇంజెక్షన్ ఉంది. తొడకు వేసేది అమ్మానాన్నలు, మీరు కాదు. ముందు అది, వెంటనే 108కి ఫోన్. దురద మాత్ర వేసి చూద్దాంలే అని కూర్చోకూడదు.

బుజ్జీ, నువ్వూ వాడూ ఒకే కంచంలో తిని పెరిగారు. నువ్వేమో గుప్పెళ్లకొద్దీ పల్లీలు బుక్కుతావు. ఒకే తల్లి బిడ్డలు, రెండు రకాల కావళ్లు! నాకది ఇప్పటికీ వింతే.

సాయంత్రం కిరాణా కొట్టుకు వెళ్లి బిస్కెట్, చాక్లెట్, మిక్చర్ ప్యాకెట్లు తిరగేసి చూడండి. వెనక 'కంటైన్స్' అని రాసి ఉంటుంది. ఎన్నిట్లో పల్లీ ఉందో లెక్కపెట్టి రండి. నా కళ్లద్దాలు అలమారలో ఉన్నాయి, పట్టుకెళ్లండి. అక్షరాలు మరీ చిన్నవి.

మీ తాత