యాసిడ్ స్రావం తగ్గించే మందు, ఎలుక కడుపు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కడుపులోని ద్రవం పీహెచ్ పెరిగిందంటే మందు పనిచేసినట్టే.

షే అనే పరిశోధకుడు 1945లో చెప్పిన పైలోరస్ ముడి పద్ధతిలో, అంటే ఎలుక కడుపు పేగులోకి తెరుచుకునే చోట (పైలోరస్) దారంతో ముడి వేసి, లోపల చేరిన ద్రవాన్ని కొలిచే పద్ధతిలో, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. నోటి ద్వారా పోసిన మందుకు క్షారగుణం ఉంటే, స్రావం చుక్క కూడా తగ్గకుండానే పీహెచ్ పెరుగుతుంది. అది యాంటాసిడ్ చేసే పని. అందుకే ముడి వేసిన వెంటనే మందును డుయోడినమ్‌లోకి (చిన్నపేగు మొదటి భాగం) ఎక్కించాలి. ఇక పీహెచ్ ఒక్కటే చూస్తే నిజంగా పనిచేసిన మందు కూడా చేజారుతుంది. కంట్రోల్ ఎలుకలో (మందివ్వనిది) 6 మి.లీ., మందిచ్చినదానిలో 3 మి.లీ. ద్రవం వచ్చిందనుకోండి. గాఢత రెండిట్లోనూ లీటరుకు 80 మిల్లీ ఈక్వివలెంట్లే (ఆమ్లం పరిమాణాన్ని కొలిచే యూనిట్), పీహెచ్‌లో తేడా లేదు. కానీ 4 గంటల మొత్తం ఆమ్లం 480 నుంచి 240 మైక్రో ఈక్వివలెంట్లకు పడిపోయింది. పట్టికలో రాయాల్సింది ఈ అంకె. సెంట్రిఫ్యూజ్ చేసిన ద్రవం 1 మి.లీ. తీసుకుని, ఫినాఫ్తలీన్ సూచిక గులాబీ రంగుకు తిరిగేదాకా 0.01 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ పోయండి. పై ఉదాహరణలో 8 మి.లీ. పడుతుంది.

స్రావం కొలవడానికి 4 గంటలు చాలు. పుండ్ల కోసం రాత్రంతా ముడితో ఉంచే పాత అలవాటును ఇక్కడికి తేవద్దు, ఆ బాధ ఎలుకకు అనవసరం.

అపోహ: మేత తీసేస్తే కడుపు ఖాళీ.

ఎలుక తన పెంటికలే తింటుంది, పరిచిన పొట్టూ నములుతుంది. జాలీ అడుగున్న బోనులో 24 గంటలు ఉంచి నీళ్లు మాత్రం ఇవ్వండి. ముడి వేశాక ఆ నీళ్లూ ఇవ్వకూడదు, కొలత చెడుతుంది. ముడిలో రక్తనాళం చిక్కితే ద్రవంలో రక్తం దిగుతుంది. ఆ నమూనాను లెక్కలోకి తీసుకోవద్దు.

అపోహ: మత్తు ఏదైనా ఒకటే.

జైలజీన్ అనే మత్తుమందు కణాల మీదుండే ఆల్ఫా-2 గ్రాహకాల మీద పనిచేస్తుంది. అదే వర్గానికి చెందిన క్లోనిడిన్ ఎలుకలో ఆమ్లస్రావాన్ని తగ్గిస్తుంది. అంటే మత్తు చేసిన పనికి పేరు మీ మందుకు రావచ్చు. పీల్చే మత్తు ఐసోఫ్లూరేన్ మేలు.

అపోహ: పుండు తగ్గితే యాసిడ్ తగ్గినట్టే.

కాదు. ఆల్కహాల్‌తో వచ్చే పుండును, ఆమ్లాన్ని తగ్గించలేనంత చిన్న మోతాదు ప్రోస్టాగ్లాండిన్లు (కడుపు పొరను కాపాడే పదార్థాలు) కూడా ఆపుతాయి.

అపోహ: ఎలుకలో గడ్డలు వస్తే మందు కథ ముగిసినట్టే.

యాసిడ్ తగ్గించే మందు ఒమెప్రజోల్ దీర్ఘకాల పరీక్షలో ఎలుకల కడుపులో కార్సినాయిడ్ గడ్డలు కనిపించి, 1984లో మనుషుల్లో ప్రయోగాలు ఆగాయి. ఆమ్లం బాగా తగ్గిపోతే, ఆమ్లస్రావాన్ని పెంచే హార్మోన్ గ్యాస్ట్రిన్ పెరుగుతుంది. అది కడుపు గోడలో హిస్టమిన్ విడుదల చేసే ఈసీఎల్ కణాలను పెంచుతుంది, ఆ గడ్డలు వీటి నుంచే వస్తాయి; ఎలుకలో ఈ కణాలు చాలా ఎక్కువ. ఎక్కువ మోతాదు హెచ్2 బ్లాకర్లతోనూ (హిస్టమిన్‌ను అడ్డుకుని ఆమ్లం తగ్గించే మరో రకం మందులు) ఇదే వరస కనిపించింది. ప్రయోగాలు మళ్లీ మొదలయ్యాయి, 1988లో మందు స్వీడన్ మార్కెట్లోకి వచ్చింది. కాబట్టి నెలల తరబడి మందిచ్చే పరీక్షలో సీరమ్ గ్యాస్ట్రిన్‌ను మొదటి నుంచీ కొలవండి.