ఇంకు పెన్ను కొనబోతున్న పిల్లలకు

చిరంజీవులకు,

ఆశీస్సులు. ఇంకు పెన్నులు మాత్రమే అమ్మే దుకాణంలోకి మొదటిసారి వెళ్లిన వారికి కళ్లు చెదరడం సహజం. ఒకవైపు అద్దాల అరల్లో ఈ ఏడాది కొత్తగా వచ్చిన పెన్నులు, మరొకవైపు గోడ పొడవునా రంగురంగుల ఇంకు బుడ్లు వరుసలు తీరి ఉంటాయి. వాటిలో ఏది కొనుక్కోవాలని మీరు అడిగారు. ఒక పేరు చెప్పి ఊరుకోవచ్చు గాని, అలా చెబితే వచ్చే ఏడాది కొత్త సరుకు రాగానే మళ్లీ అడగవలసి వస్తుంది. అందుకని ఆ అరల్లో నిజంగా కొత్తది ఏదో, పాతదే కొత్త రంగు వేసుకుని వచ్చినది ఏదో మీరే పోల్చుకోగలిగేలా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. పెన్నుల్లో కొత్తదనం మీరు అనుకునేదానికంటే తక్కువ, ఇంకుల్లో అనుకునేదానికంటే ఎక్కువ.

పెన్నుల్లో తక్కువ అని ఎందుకన్నానో తెలియాలంటే లోపల జరిగే పని తెలియాలి. నీళ్ల సీసాను తలకిందులు చేసి మూతి దగ్గర గాలి పోవడానికి దారి లేకుండా చేస్తే నీళ్లు దిగవు. కాస్త గాలి లోపలికి వెళ్తేనే కాసిన్ని నీళ్లు బయటికి వస్తాయి. ఇంకు పెన్ను నడిచేది ఈ సూత్రం మీదనే. పాళీ కింద ఆనుకుని ఉండే ఫీడ్ అనే భాగంలో వెంట్రుక వంటి సన్నని కాలువలు ఉంటాయి. కేశనాళికత, అంటే సన్నని సందుల్లో ద్రవం తనంతట తానే పాకే గుణం వల్ల ఇంకు ఆ కాలువల వెంట పాకి, పాళీ మధ్యనున్న చీలికలోకి చేరి, అక్కడి నుంచి కాగితానికి అంటుకుంటుంది. బయటికి వెళ్లిన ఇంకు మేరకు గాలి అదే ఫీడ్ గుండా వెనక్కి లోపలికి చేరుతుంది. ఇంకు నింపుకునే పెన్నుకు 1827లోనే రొమేనియా దేశీయుడు పెట్రాకే పొయెనారు ఫ్రాన్సులో పేటెంటు పొందాడు. అయితే గాలీ ఇంకూ ఒకదానికొకటి అడ్డం రాకుండా నడిచే ఫీడ్‌కు అమెరికాలో లూయిస్ వాటర్‌మన్ 1884లో పేటెంటు పొందిన తరువాతనే ఆ పెన్ను నమ్మదగిన వస్తువుగా జనంలోకి వెళ్లింది. నేడు మీరు అరలో చూసే ప్రతి పెన్నులోనూ ఇదే ఏర్పాటు ఉంది.

ఫీడ్ అడుగున దువ్వెన పళ్ల వంటి పొరలు కనిపిస్తాయి. అవి అలంకారం కోసం పెట్టినవని చాలామంది అనుకుంటారు. చేతి వేడికి పెన్నులోని గాలి వ్యాకోచించి ఇంకును ముందుకు నెట్టినప్పుడు, ఆ అదనపు ఇంకు కాగితం మీద బొట్టుగా రాలిపోకుండా ఈ పొరల మధ్య నిలుస్తుంది. ఇంకు అయిపోవచ్చిన పెన్నులో గాలి ఎక్కువ కాబట్టి అటువంటి పెన్నే ఎక్కువగా కక్కుతుంది. విమానం పైకి వెళ్తున్నప్పుడు పెన్ను కారడానికి కూడా లోపలి గాలే కారణం. నిండుగా నింపిగాని, పూర్తిగా ఖాళీ చేసిగాని, పాళీ పైకి ఉండేలా పెట్టుకుంటే ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

ఇప్పుడు 'ఈ ఏడాది కొత్తది' అన్న చీటీ సంగతికి వద్దాం. జర్మనీకి చెందిన లామీ సంస్థ సఫారీ అనే పెన్నును 1980లో బడి పిల్లలను దృష్టిలో పెట్టుకుని తెచ్చింది. వేళ్లు సరిగ్గా కుదురుకోవడానికి పట్టు దగ్గర పలకలు తీర్చిన ఆ ఆకారం నేటికీ దాదాపు అదే; కొన్నాళ్లకోసారి ప్రత్యేకమైన రంగు మాత్రం వస్తుంది. తక్కిన సంస్థలు తెచ్చే 'పరిమిత సంచిక'లు కూడా ఎక్కువగా ఇటువంటివే. రంగు నచ్చి కొనుక్కోవడంలో తప్పేమీ లేదు, కాని పాత రంగు పెన్నుకంటే అది బాగా రాస్తుందని మాత్రం అనుకోకండి. నిజమైన మార్పులు అరుదుగానైనా వస్తూనే ఉన్నాయి. జపానుకు చెందిన పైలట్ సంస్థ క్యాపు లేకుండా, పాళీ లోపలికి ముడుచుకునే పెన్నును 1963లో తెచ్చింది; వెనక మీట నొక్కితే పాళీ బయటికి వచ్చే రకం ఆ తరువాత వచ్చింది. ప్లాటినం సంస్థ 2011లో తన 3776 వరుస పెన్నులకు గాలి చొరబడని లోపలి మూతను అమర్చింది. దాని వల్ల నెలల తరబడి వాడకపోయినా పాళీ ఎండిపోదు. పైలట్ వారే 2013లో తెచ్చిన కకునో అనే చవక పెన్ను పాళీ మీద నవ్వు ముఖం చెక్కి ఉంటుంది. ఆ ముఖం మిమ్మల్ని చూస్తూ ఉంటే పాళీని సరిగ్గా పట్టుకున్నట్టు లెక్క. పెద్దవాళ్ల పెన్నులకు కూడా అది ఉంటే బాగుండునని నాకు అనిపిస్తుంది.

పెన్నును చేతిలోకి తీసుకున్నప్పుడు చూడవలసింది పాళీనే. బంగారు పాళీ చూపించి దుకాణదారు మెచ్చుకోలుగా మాట్లాడవచ్చు. పద్నాలుగు క్యారెట్ల పాళీ మీద 585 అని, పద్దెనిమిది క్యారెట్ల దాని మీద 750 అని చెక్కి ఉంటుంది. వెయ్యి పాళ్లలో అన్ని పాళ్లు బంగారం అని దాని అర్థం. పూర్వం ఇంకుల్లో ఆమ్లం ఎక్కువగా ఉండి ఉక్కును తినేసేది, బంగారాన్ని ఏమీ చేయలేకపోయేది. బంగారు పాళీకి అంత పేరు రావడానికి ముఖ్య కారణం అదే. తుప్పు పట్టని ఉక్కు వచ్చాక ఆ అవసరం తగ్గిపోయింది. పైగా కాగితాన్ని తాకేది బంగారమూ కాదు, ఉక్కూ కాదు. రెండింటి మొనకూ అతికించేది ఇరిడియం, ఆస్మియం, రుథీనియం వంటి గట్టి లోహాల మిశ్రమంతో చేసిన చిన్న గుండు. ఆ గుండును ఎంత నున్నగా అరగదీశారన్న దానిమీదే రాత నునుపు ఆధారపడుతుంది. ఈ మిశ్రమం అరగడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి, పెన్ను ఒకసారి వేరొకరికి ఇస్తే పాళీ వాళ్ల చేతికి అలవాటు పడిపోతుందన్న మాటను అంతగా నమ్మనక్కరలేదు. అసలు భయం వేరే ఉంది. బాల్‌పాయింట్ పెన్నుకు అలవాటు పడిన చేయి గట్టిగా నొక్కుతుంది, ఆ నొక్కుడుకు పాళీ రెక్కలు విచ్చుకుపోతాయి.

పాళీ మీద ఈఎఫ్, ఎఫ్, ఎం, బి అన్న అక్షరాలు ఉంటాయి. మొదటిది అన్నిటికంటే సన్నం, చివరిది వెడల్పు. జపాను పాళీలు సాధారణంగా ఐరోపా పాళీల కంటే ఒక మెట్టు సన్నంగా రాస్తాయని గుర్తుంచుకోండి. మీరు ఎక్కువగా తెలుగే రాస్తారనుకుంటే ఎఫ్ పాళీని ఎంచుకోమని నా సలహా. మన లిపిలో 'ఘ', 'క్ష' వంటి అక్షరాల కడుపులోని చిన్న సందులు, వట్రసుడి, కింద వచ్చే ఒత్తులు వెడల్పు పాళీతో రాస్తే ఇంకుతో పూడుకుపోతాయి. పేజీ మొత్తం నల్లబడినట్టు కనిపిస్తుంది. అంతేకాక గుండ్రని అక్షరాలు రాస్తున్నప్పుడు పాళీ అన్ని దిక్కులకూ తిరుగుతుంది. కిందికి లాగినప్పుడు మెత్తగా నడిచి, ఎడమకు తిప్పినప్పుడు గీరుకునే పాళీ ఇంగ్లీషుకు ఎలాగో సరిపోవచ్చు గాని, తెలుగుకు సరిపోదు. అందుచేత దుకాణంలో ఇంకులో ముంచి రాసి చూసేటప్పుడు సంతకం పెట్టి ఊరుకోకుండా, సున్నాలు చుట్టండి, ఇరువైపులకూ తిరిగే సుడులు గీయండి, మీ పేరును ఒత్తులున్న మరో రెండు మాటలతో కలిపి మామూలు వేగంతో రాయండి. ప్రతి మాటలోనూ మొదటి గీత పడకుండా ఎగిరిపోతుంటే మొనను అతిగా నున్న చేశారని గ్రహించి ఆ పెన్నును పక్కన పెట్టండి. ముంచి రాసినప్పుడు ఇంకు అవసరానికి మించి అంటుకుని ఉంటుంది కాబట్టి, మొదటి రెండు వరుసలు చూసి ధారను అంచనా వేయకండి.

ఇంకు నింపే పద్ధతుల గురించి ఎక్కువ చెప్పను. గొట్టం మార్చే కార్ట్రిడ్జ్ సులువు, కాని ఒక సంస్థ గొట్టం మరొక సంస్థ పెన్నుకు పట్టకపోవచ్చు. లామీ, పైలట్, ప్లాటినం, సెయిలర్ సంస్థలవి వేటికవే. అదే చోట అమర్చే కన్వర్టర్ ఉంటే ఏ బుడ్డిలోని ఇంకైనా పీల్చుకోవచ్చు. వెనక పిడి తిప్పితే ఇంకును ఒంట్లోకే పీల్చుకునే పిస్టన్ పెన్నులోనూ, డ్రాపర్‌తో నేరుగా పెన్ను ఒంట్లో పోసుకునే పెన్నులోనూ ఇంకు ఎక్కువ పడుతుంది, కడగడం మాత్రం కాస్త ఓపికతో కూడిన పని. మొదటి పెన్నుకు కన్వర్టర్ చాలు.

ఇక ఇంకుల దగ్గరికి వద్దాం. నాకు ఎక్కువ ఇష్టమైన అర కూడా అదే. ఫ్రాన్సులోని హెర్బాఁ సంస్థ తన పుట్టుకను 1670గా చెప్పుకుంటుంది, ఇంగ్లండులోని డయమైన్ 1864 నాటిది. ఇంత పాత వ్యాపారంలో చాలాకాలం నీలం, నలుపు, నీలి నలుపు, ఎరుపు రంగులదే పెత్తనం. గత ఇరవై ఏళ్లలో ఆ స్థితి మారిపోయింది. పైలట్ సంస్థ 2007లో ఇరోషిజుకు అనే వరుసను ఆరంభించి, వెన్నెల రాత్రి, అడవి ద్రాక్ష, వెదురు బొగ్గు వంటి ప్రకృతి పేర్లతో రంగులు తెచ్చింది. తరువాత ఇతర సంస్థలు కూడా రంగుల మీద రంగులు తెస్తూ వచ్చాయి.

మామూలు ఇంకు అంటే నీటిలో కరిగిన రంగు. దానికి తోడు త్వరగా ఎండిపోకుండా గ్లిజరిన్ వంటి పదార్థం, కాలువల్లో సులువుగా పాకడానికి తలతన్యతను తగ్గించే పదార్థం, బూజు పట్టకుండా మరొకటి కొద్ది కొద్దిగా కలుపుతారు. ఈ రకం ఇంకు పెన్నుకు మేలు చేస్తుంది, సులభంగా కడుక్కుపోతుంది. కాగితం మీద నీళ్లు పడితే అంతే సులభంగా చెదిరిపోతుంది, ఎండ తగిలితే వెలిసిపోతుంది కూడా. ఏళ్ల తరబడి ఉండవలసిన రాతకు రెండు మార్గాలున్నాయి. ఒకటి, నీటిలో కరగని అతి సన్నని రేణువులతో చేసిన పిగ్మెంట్ ఇంకు. రెండవది, ఐరోపాలో శతాబ్దాలపాటు దస్తావేజులు రాసిన పద్ధతి: మాజుకాయల (ఓక్ చెట్ల మీద పెరిగే బుడిపెల) వంటి వాటిలోని టానిన్ అనే వగరు పదార్థాన్ని ఇనుము లవణంతో కలిపి చేసే ఇంకు. అది రాసినప్పుడు పలచగా ఉండి, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి కాగితపు పీచుల్లోనే నల్లబడుతుంది. రాస్తున్నప్పుడు కంటికి కనిపించడానికి అందులో నీలం రంగు కలుపుతారు, అందుకే మొదట నీలంగా ఉన్న అక్షరం క్రమంగా నలుపవుతుంది. ఈ రెండు రకాలనూ పెన్నులో ఎండనివ్వకూడదు.

మీ చూపు లాగే ఇంకులు వీటికి భిన్నమైనవి. ఒకే అక్షరంలో లేత ముదురు ఛాయలు చూపేవి కొన్ని. పక్కకు వంచి చూస్తే నీలం మీద ఎర్రని మెరుపు కనిపించేవి కొన్ని. రంగు కాగితంలోకి ఇంకకుండా పైననే పేరుకుని ఎండినప్పుడు ఆ మెరుపు వస్తుంది. అందువల్లే ఇంకును పీల్చుకునే కాగితం మీద ఆ అందం కనిపించదు. మెరిసేచోట తడి వేలు తగిలితే ఎన్నాళ్లకైనా మరక అవుతుంది. ఎడమ చేత్తో రాసేవారు ఈ రకానికి దూరంగా ఉండాలి, ఎందుకంటే వాళ్ల చేయి రాసిన అక్షరాల మీదుగానే జరుగుతుంది. బంగారు వెండి రజను కలిపినవి మూడో రకం. రజను అడుగుకు దిగిపోతుంది కనుక నింపేముందు బుడ్డిని మెల్లగా కదిలించాలి, ఫీడ్‌లో పేరుకుంటుంది కనుక తరచుగా కడగాలి. సన్నని పాళీలో ఇది తళుకు కంటే తలనొప్పే ఎక్కువ తెస్తుందని నా అభిప్రాయం. వెడల్పు పాళీ ఉన్న రెండో పెన్ను కొన్నాక ముచ్చట తీర్చుకోండి. షెల్లాక్ (శుద్ధి చేసిన లక్క) కలిసిన, బొమ్మలు గీసే ఇంకును మాత్రం ఏ పెన్నులోనూ పోయవద్దు. అది ఎండితే కాలువలు మూసుకుపోయి పెన్ను పనికిరాకుండా పోతుంది.

దుకాణంలో రంగులు చూపించే కార్డుల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. వాటిని చాలాచోట్ల కుంచెతోనో దూదిపుల్లతోనో పూస్తారు. అంత దట్టంగా ఎఫ్ పాళీ రాయదు, కాబట్టి కార్డు మీద ముదురు ఆకుపచ్చగా ఉన్నది మీ పుస్తకంలో బూడిద రంగుగా తేలవచ్చు. పాళీతో రాసిన నమూనా అడగండి, అది ఎండేదాకా ఆగండి, వీలైతే పగటి వెలుగులో చూడండి. కన్వర్టర్‌లో సుమారు 0.7 మిల్లీలీటర్లు పడుతుందనుకుంటే, 50 మిల్లీలీటర్ల బుడ్డి 70 సార్లు నింపడానికి వస్తుంది; తొందరపడి కొన్న రంగుతో అన్నాళ్లు రాయవలసి వస్తుందన్నమాట. చిన్న నమూనా సీసాలు అమ్మే చోట వాటితో మొదలుపెట్టడం తెలివైన పని. మీరు రోజూ రాసే నోటుబుక్కులోని కాగితం ముక్క ఒకటి వెంట తీసుకువెళ్లండి. దుకాణం వాళ్లు పరిచి ఉంచిన నున్నని కాగితం మీద ఏ ఇంకైనా అందంగానే ఉంటుంది. మీ కాగితం మీద అది పీచులు పీచులుగా పాకుతుందా, వెనక పేజీకి దిగుతుందా అన్నది అక్కడే తేలిపోతుంది.

ఇంటికి తెచ్చిన కొత్త పెన్నును ముందు మామూలు నీళ్లతో కడగండి, తయారీలో అంటిన జిడ్డు ఉంటే ధార సరిగ్గా రాదు. వేడినీళ్లు గాని స్పిరిట్ గాని వాడితే ప్లాస్టిక్ పాడవుతుంది. ఇంకు మార్చిన ప్రతిసారీ నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి ఆరబెట్టండి. రెండు ఇంకులను తోచినట్టు కలపకండి. ఒకదానిలో ఆమ్ల గుణం, మరొకదానిలో క్షార గుణం ఉంటే అడుగున ముద్ద కట్టే అవకాశం ఉంది. బుడ్డి మీద కొన్న నెల, సంవత్సరం రాసి వెలుతురు తగలని చోట పెట్టండి. మూత తీసినప్పుడు ఇంకు మీద తెట్టు కట్టినా, దుర్వాసన వచ్చినా బూజు పట్టినట్టే. అందులో పెన్ను ముంచితే ఆ బూజు పెన్నులోకి, అక్కడి నుంచి తక్కిన బుడ్లలోకి చేరుతుంది గనుక, ఎంత ఇష్టమైన రంగైనా పారబోయవలసిందే.

మీ తాతయ్య