వ్యవసాయం చదివినవారికి మేనేజరు కుర్చీ: ఈ సందిగ్ధం ఎక్కడ మొదలైంది?

వ్యవసాయ శాస్త్రంలో నాలుగేళ్ల డిగ్రీ చేసి, ప్రభుత్వ రంగ బ్యాంకులో అగ్రికల్చరల్ ఫీల్డ్ ఆఫీసరుగా చేరినవారికి కొన్నేళ్లకు ఒక కాగితం అందుతుంది. అధికారుల తొలి మెట్టు స్కేల్-1 నుంచి తదుపరి మెట్టు స్కేల్-2కు పదోన్నతి. చాలా సందర్భాల్లో దానితో పాటే జనరల్ బ్యాంకింగ్‌లోకి మార్పిడి, తెలియని ఊళ్లో శాఖ మేనేజరు బాధ్యత కూడా వస్తాయి. నేలలు, తెగుళ్లు, విత్తనాలు చదివిన మనిషి ఇకపై డిపాజిట్లు, గృహ రుణాలు, నగదు నిల్వలు, ఆడిట్ అభ్యంతరాలు చూసుకోవాలి. ఇంట్లో చెబితే, కాళ్ల దగ్గరికి వచ్చిన ప్రమోషన్ వదులుకుంటావా అంటారు. చదువు చెప్పిన గురువు వింటే, ఇందుకేనా ఇంత చదివింది అని బాధపడతారు.

ఈ తర్జనభర్జనను ఆ ఉద్యోగి మనసులోని బలహీనతగా చూడడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆ చిక్కుముడి ఆయనో, ఆవిడో వేసుకున్నది కాదు. అది పడి దశాబ్దాలైంది.

రైతుకు అప్పు ఎవరిస్తున్నారో తెలుసుకోవడానికి 1951-52లో దేశమంతటా గ్రామీణ రుణ సర్వే జరిగింది. ఆ సర్వే జరిపిన గోర్వాలా కమిటీ 1954లో ఇచ్చిన నివేదిక ప్రకారం రైతులు తెచ్చుకున్న అప్పులో వాణిజ్య బ్యాంకుల వాటా ఒక్క శాతం కూడా లేదు. దాదాపు 70 శాతం వడ్డీ వ్యాపారులదే. బ్యాంకులు ఊళ్లోకి వెళ్లకపోవడానికి నిర్లక్ష్యం ఒక్కటే కారణం కాదు. వర్తకుడి ఖాతా పుస్తకం చూసి అప్పివ్వడం వాటికి తెలుసు. వాన మీద, ధర మీద, చీడ మీద ఆధారపడిన పంటను చూసి ఎంత ఇవ్వాలో, ఎప్పుడు తిరిగి అడగాలో చెప్పగల మనిషి వాటి దగ్గర లేడు.

1960ల మధ్యలో అధిక దిగుబడి వంగడాలు వచ్చాయి. ఎరువు, మోటారు, బావి, అన్నిటికీ డబ్బు కావాలి. 1969 జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేశారు. ఆ ఏడాదే, ఒక్కో జిల్లా బాధ్యతను ఒక్కో బ్యాంకుకు అప్పగించే లీడ్ బ్యాంకు పథకం వచ్చింది. 1980 ఏప్రిల్‌లో మరో ఆరు బ్యాంకుల వంతు వచ్చింది, వాటిలో ఆంధ్రా బ్యాంకు ఒకటి. 1923లో బందరులో ఆ బ్యాంకును స్థాపించిన భోగరాజు పట్టాభి సీతారామయ్య వైద్యం చదివి, అదే ఊళ్లో వైద్యుడిగా పనిచేసినవారు. చదివిన చదువు దాటి వెళ్లడం తెలుగు బ్యాంకింగ్‌కు పుట్టుకతోనే ఉందని ఇక్కడ గుర్తుచేసుకోవాలనిపించింది.

జాతీయం చేసిన బ్యాంకులు వ్యవసాయ పట్టభద్రులను వెతుక్కున్నాయి. తెలుగునాట 1945 నుంచే బాపట్లలో వ్యవసాయ కళాశాల ఉంది, 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయమూ వచ్చింది. బ్యాంకులో చేరిన పట్టభద్రుల పని చాలావరకు గట్ల మీదే. బావిలో నీరెంత ఉంది, ఆ నీటితో ఎన్ని ఎకరాలు తడుస్తాయి, ఆ నేలకు మిరప సరిపోతుందా, గేదె రోజుకు ఎన్ని లీటర్లు ఇస్తుంది, పాలకేంద్రం ఎంత దూరం: ఇవన్నీ చూసి రుణం సిఫారసు చేయాలి. ఇచ్చిన డబ్బు పొలంలో పడిందో లేదో మళ్లీ వెళ్లి చూడాలి. కోత అయి పంట అమ్ముడయ్యే నెలను బట్టి వాయిదా పెట్టాలి. మామిడి తోటకు కాపు రాకముందే వాయిదా పెట్టే తప్పు ఈ చదువున్నవారు చేయరు.

కానీ పదోన్నతుల నిచ్చెన మాత్రం వాళ్ల పనిని దృష్టిలో పెట్టుకుని కట్టలేదు. పిళ్లై కమిటీ సిఫారసులను అనుసరించి 1979లో జాతీయ బ్యాంకుల అధికారులందరికీ ఒకే తరహా స్కేళ్లు వచ్చాయి, ఒకటి నుంచి ఏడు వరకు. స్కేల్-1లో వ్యవసాయాధికారుల అవసరం వందల శాఖల్లో ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ వ్యవసాయానికే ప్రత్యేకించిన కుర్చీలు ప్రాంతీయ కార్యాలయంలోనో, ప్రధాన కార్యాలయంలోనో కొన్నే. మిగిలినవారు ఎదగాలంటే దారి శాఖ మేనేజరు గదిలోంచే పోతుంది. నా దృష్టిలో అసలు లోపం ఇదే. ఒక పని కోసం పిలిచి, ఆ పనిలోనే పెరిగే మెట్లు కట్టలేదు.

తరువాతి మార్పులు ఆ పనినే పలచబరిచాయి. 1991 ఆర్థిక సంస్కరణల తరువాత బ్యాంకుల్లో లాభనష్టాల లెక్క ముందుకొచ్చింది. 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ కింద ప్రభుత్వ రంగ బ్యాంకుల నుంచి లక్ష మంది దాకా వెళ్లిపోయారు. శాఖల్లో మనుషులు తగ్గేసరికి ఫీల్డ్ ఆఫీసరు కౌంటర్లో కూర్చోవలసి వచ్చింది. 1998లో వచ్చిన కిసాన్ క్రెడిట్ కార్డు రైతుకు ఎంతో మేలు చేసింది. అయితే విస్తీర్ణం, పంట, ఎకరాకు జిల్లాలో నిర్ణయించిన రుణ పరిమితి చూసి మొత్తం లెక్కకట్టే పద్ధతి స్థిరపడ్డాక, పొలాన్ని చదివే నేర్పుకు పని తగ్గింది. నగల తాకట్టు మీద ఇచ్చే పంట రుణానికి కావలసింది బంగారం విలువ కట్టే మనిషి. ప్రమోషన్ కాగితం వచ్చేనాటికే చాలామంది సగం జనరల్ బ్యాంకర్లుగా మారిపోయి ఉంటారు.

ఇంత చూశాక కూడా ఆ ప్రమోషన్ ఒప్పుకోవడంలో ఒక బలమైన న్యాయం ఉందని నమ్ముతాను. ఫీల్డ్ ఆఫీసరు సిఫారసు చేస్తారు, మంజూరు సంతకం మేనేజరుది. కౌలు రైతునే తీసుకోండి. సాగుదారులకు రుణ అర్హత కార్డులిచ్చేందుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో చట్టం తెచ్చారు, 2019లో ఆంధ్రప్రదేశ్ మరో చట్టం చేసింది. అయినా పాసుపుస్తకం లేని మనిషికి అప్పివ్వడానికి బ్యాంకులు జంకుతూనే ఉన్నాయి. పైరును చూసి సాగుదారుణ్ని గుర్తుపట్టగల వ్యక్తి మేనేజరు కుర్చీలో ఉంటే, ఆ జంకు కొంతైనా తగ్గుతుంది. చదువు అక్కడ వృథా పోదు.

నష్టాన్నీ దాచకూడదు. చిన్న పరిశ్రమ బ్యాలెన్స్ షీటు చదవడం రాకుండా రుణం మంజూరు చేస్తే, అది మొండి బాకీ అయిననాడు సంజాయిషీ ఇవ్వవలసింది సంతకం పెట్టినవారే. అందుకే బ్యాంకింగ్ పరీక్షలు జేఏఐఐబీ, సీఏఐఐబీలను ఇంక్రిమెంటు కోసమే కాక, ఈ కుర్చీ కోసం చదవాలి. వ్యవసాయ విభాగం నుంచి జనరల్ బ్యాంకింగ్‌కు కేడర్ మారాక తిరుగుదారి ఉందా, పాత సర్వీసు సీనియారిటీలో ఎలా లెక్కిస్తారు, కాదంటే తదుపరి అవకాశం ఎన్నేళ్లు ఆగుతుంది, ఇవి ఒక్కో బ్యాంకులో ఒక్కోలా ఉంటాయి. ఆ నిబంధనల ప్రతి చేతిలోకి వచ్చాకే జవాబివ్వడం మంచిది. తోటివారి మాట మీద ఆధారపడి ఒప్పుకున్నా, కాదన్నా తరువాత నొచ్చుకోవలసి వస్తుంది.

బదిలీలు చాలావరకు వార్షిక లెక్కలు ముగిశాక వస్తాయి. ఖరీఫ్ పంట రుణాల రెన్యువల్‌కు రైతులు వరుసకట్టేదీ అప్పుడే. ఎవరి బావిలో నీరు ఏ నెలలో అడుగంటుందో తెలిసిన అధికారి కొత్త ఊరికి బయలుదేరతారు. ఖాళీ అయిన ఆ కుర్చీలోకి మళ్లీ వ్యవసాయం చదివినవారే వస్తారన్న హామీ ఆ ప్రమోషన్ కాగితంలో ఎక్కడా రాసి ఉండదు.