పసిపిల్లల బరువు గీతలు: ఒహాయో నుంచి మన అంగన్‌వాడీ దాకా

గుంటూరు కొత్తపేటలోనైనా, విజయవాడ సూర్యారావుపేటలోనైనా పిల్లల డాక్టరు గది ముందు కూర్చున్న తల్లుల మాటలు బరువు చుట్టూనే తిరుగుతుంటాయి. నెల తిరిగేసరికి ఎంత పెరిగింది, పక్కింటి పాప కంటే ఎందుకు తగ్గింది, పాలు చాలుతున్నాయా లేదా అన్న బెంగతో లోపలికి వెళ్లిన తల్లికి, డాక్టరు చూపించే గీతల పట్టిక తన పెంపకం మీద ఇచ్చిన తీర్పులాగా తోస్తుంది. అయితే ఆ గీతలు ఏ పిల్లల్ని కొలిచి గీశారో తెలిస్తే గానీ వాటిని ఎలా చదవాలో బోధపడదు. మా అమ్మ తరం తల్లులకు ఈ సంగతి చెప్పినవారు దాదాపు లేరు.

బిడ్డ ఎదుగుదలను వరుసగా కొలిచి రాసిపెట్టడం పద్దెనిమిదో శతాబ్దం నుంచీ ఉన్నదే. ఫ్రాన్సులో మోంబేయార్ అనే ప్రభువు 1759 నుంచి 1777 వరకు తన కొడుకు ఎత్తును కొలుస్తూ వచ్చాడు; ఆ లెక్కలను ప్రకృతి శాస్త్రవేత్త బుఫోన్ ప్రచురించాడు. మన ఇళ్లలో మాత్రం మొలతాడు బిగుసుకోవడం, చేతి మురుగులు పట్టకపోవడమే కొలత. పసిబిడ్డ బరువును పైకి చెబితే దిష్టి తగులుతుందని భయపడే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

మన దేశంలో పట్టిక ఊరూరికీ చేరింది అంగన్‌వాడీలతోనే. 1975 అక్టోబరు 2న 33 బ్లాకులలో మొదలైన ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి సేవలు) పథకంలో, బిడ్డను కొక్కేనికి వేలాడే త్రాసులో తూచి, ఆ బరువు ఎన్నో గ్రేడులోకి వస్తుందో చూసేవారు. ఆ గ్రేడులను భారత పిల్లల వైద్యుల సంఘం 1972లో నిర్ణయించింది. వాటికి ప్రమాణంగా తీసుకున్నది మాత్రం అమెరికాలోని హార్వర్డ్ పట్టిక. అందులోని నడిమి బరువులో, అంటే సగం మంది పిల్లలు పైన, సగం మంది కింద ఉండే బరువులో, 80 శాతం దాటితే బిడ్డ బాగున్నట్టు, 60 శాతానికి తగ్గితే తీవ్రమైన లోపం ఉన్నట్టు లెక్క.

1977లో అమెరికా ఆరోగ్య గణాంకాల కేంద్రం కొత్త పట్టికలు తయారుచేయగా, ప్రపంచ ఆరోగ్య సంస్థ మరుసటి ఏడాదే వాటిని అన్ని దేశాలకూ సిఫారసు చేసింది. వాటిలో పసిపిల్లల గీతలకు ఆధారం ఒహాయో రాష్ట్రంలోని యెల్లో స్ప్రింగ్స్‌లో ఫెల్స్ పరిశోధన సంస్థ 1929 నుంచి 1975 వరకు సేకరించిన కొలతలు. ఆ పిల్లలంతా దాదాపు ఒకే జాతికి చెందిన మధ్యతరగతి కుటుంబాలవారు. వారిలో ఎక్కువమంది పోతపాలు తాగినవారు. పైగా తొలి ఏడాదిలో కొలతలు తీసింది మూడు నెలలకోసారి కావడంతో, నెలనెలా మారే పసివాళ్ల ఎదుగుదల ఆ గీతలో సరిగా పట్టుబడలేదు.

దీని ఫలితం తల్లుల మీద పడింది. తల్లిపాలు తాగే బిడ్డ మొదటి రెండు మూడు నెలలు వేగంగా బరువు పెరిగి, ఆ తరువాత కాస్త నెమ్మదిస్తుంది, అది సహజం. పోతపాల పిల్లలతో గీసిన పట్టికలో మాత్రం అదే బిడ్డ నాలుగో నెల నుంచి కిందికి జారుతున్నట్టు కనబడుతుంది. అప్పుడు ఇంట్లోనూ ఆసుపత్రిలోనూ వినిపించే మాట ఒక్కటే: పాలు చాలడం లేదు, డబ్బా పాలు మొదలుపెట్టండి. మన దగ్గర పోతపాలు పెరగడానికి పట్టికే కారణమని నేను అనను. బొద్దుగా ఉన్న బిడ్డను ‘అమూల్ బేబీ’ అని మురిసిపోయేలా చేసిన ప్రకటనల బలం అంతకంటే పెద్దది. వాటిని అడ్డుకోవడానికి 1981లో అంతర్జాతీయ నియమావళి, 1992లో మన చట్టం రావలసి వచ్చాయి. కానీ పాలున్న తల్లికి కూడా తన పాల మీద నమ్మకం పోగొట్టడంలో ఆ గీతలు తమ వంతు పని చేశాయి.

ఈ లోపం గుర్తించాక ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 నుంచి 2003 వరకు బ్రెజిల్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాలతో పాటు మన ఢిల్లీలోనూ సుమారు 8,500 మంది పిల్లలను కొలిపించింది. తల్లి పొగ తాగకూడదు, బిడ్డకు కనీసం నాలుగు నెలలు ప్రధానంగా తల్లిపాలే పట్టాలి, ఆరు నెలలు నిండేసరికి అదనపు ఆహారం మొదలుపెట్టాలి, ఏడాది నిండేదాకా చనుపాలు ఇస్తూనే ఉండాలి అన్నవి అందులోని షరతులు. పుట్టినప్పటి నుంచి రెండేళ్ల వరకు అనుసరించిన పిల్లలను 21 సార్లు కొలిచారు. 2006 ఏప్రిల్‌లో వెలువడిన ఆ పట్టికను మన ప్రభుత్వం 2008లో అంగన్‌వాడీల కోసం స్వీకరించింది. పిల్లలు ఎలా పెరుగుతున్నారో చెప్పడంతో ఆగకుండా, సరైన పోషణ దొరికితే ఎలా పెరగాలో చెప్పే పట్టిక ఇది.

ఆ పట్టిక ప్రకారం ఆరు నెలల మగబిడ్డ నడిమి బరువు 7.9 కిలోలు, ఆడపిల్లకు 7.3. అంటే ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో సగం మంది అంతకంటే తక్కువే ఉంటారు. మగబిడ్డ 6.4, ఆడబిడ్డ 5.7 కిలోలకు తగ్గినప్పుడే తక్కువ బరువు అంటారు. నడిమి అంకెను పాస్ మార్కులా చూసి కుమిలిపోయే తల్లులను నేను చాలామందిని చూశాను.

కొత్త పట్టిక అన్నిచోట్లా మెతక కాదన్నదీ నిజమే. తొలి ఆరు నెలల్లో దీని లెక్కన తక్కువ బరువు పిల్లల సంఖ్య పాత పట్టిక కంటే పెరుగుతుంది, ఆ తరువాత తగ్గుతుంది. ఢిల్లీ పిల్లలను సంపన్న కుటుంబాల నుంచి తీసుకున్నారు కనుక ఇది మనకు పనికిరాదన్న వాదన ఉంది. ఆర్థికవేత్త అరవింద్ పనగఢియా 2013లో ఈ ప్రమాణాల మీద గట్టి ప్రశ్నలే వేశారు. నాకు ఆ వాదన పూర్తిగా ఒప్పుదల కాలేదు. ఆరు దేశాల పసిపిల్లల పొడవుల్లో కనిపించిన తేడాలో దేశం వల్ల వచ్చినది సుమారు 3 శాతమే. మన బిడ్డలు చిన్నగా పుట్టడానికి గర్భిణి రక్తహీనత, చాలని తిండి వంటి కారణాలు ఉండగా, గీతను కిందికి దించితే ఆ కారణాలు కళ్లముందు నుంచి తప్పుకుంటాయి. అయితే 2.6 కిలోలతో పుట్టిన బిడ్డ కింది గీతల దగ్గరే మొదలై, వాటికి సమాంతరంగా పైకి వెళుతుంటే, చురుకుగా ఉండి, సరిపడా మూత్రం పోస్తుంటే, నడిమి గీతను అందుకోలేదని డబ్బా పాలు పట్టనక్కరలేదు. వరుసగా గీతలు దాటుతూ కిందికి దిగుతుంటేనే కారణం వెతకాలి.

తూచే తీరు కూడా ఇందులో భాగమే. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా పాపను ఒంటినిండా బట్టలతో, తడిసిన డైపరుతోనే తూచి చీటీ మీద బరువు రాశారు. మరుసటి నెల అంగన్‌వాడీ టీచరు బట్టలు తీయించి, త్రాసు సున్నా దగ్గర ఉందో లేదో చూసి తూచేసరికి పాప అసలు పెరగనట్టే కనిపించింది. “పాలు చాలడం లేదేమోనమ్మా, డబ్బా పాలు పడదామా?” అని మా అత్తగారు కంగారుపడ్డారు. ఆవిడ భయం అర్థం చేసుకోదగినదే. చేతిలో రెండు అంకెలు తప్ప మరేమీ లేవు. వారం ఆగి అదే త్రాసులో మళ్లీ తూయించాక గానీ ఇంట్లో ఆ మాట సద్దుమణగలేదు.

అంగన్‌వాడీలలో 2021 నుంచి బరువులు పోషణ్ ట్రాకర్ యాప్‌లోకి ఎక్కుతున్నాయి. ప్రైవేటు వైద్యానికి వెళ్లే కుటుంబాలకు మాత్రం చాలాచోట్ల మందుల చీటీ మూలన రాసిన అంకె తప్ప గీత దక్కడం లేదు. తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేరువేరుగా పట్టికలు ఉంటాయి. టీకాకు వెళ్లిన ప్రతిసారీ ఆ కార్డు తీసుకెళ్లి, బరువుతో పాటు పొడవు కూడా కొలిచి చుక్క పెట్టమని అడగవచ్చు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డయితే ఎన్ని వారాలు ముందుగా పుట్టిందో అన్ని వారాలు తీసివేసి వయసు లెక్కకట్టమని కూడా అడగవచ్చు. ఆ చుక్కలు పెట్టడానికి డాక్టరుకు ఒక నిమిషం చాలు.